ధైర్యం చెప్పడం ఆపాక: ఒక కుటుంబ సంభాషణ కేస్ స్టడీ

మేస్త్రి గారి వయసు 61. విశాఖ ఫిషింగ్ హార్బర్లో మరబోట్ల ఇంజిన్లు విప్పి బిగించే పని. ముందు అన్నం ముద్ద దిగలేదు, తర్వాత ఇడ్లీ, చివరికి జావ దగ్గరికొచ్చాక ఎండోస్కోపీ చేశారు. అన్నవాహికలో క్యాన్సర్. స్కాన్‌లో కాలేయానికీ పాకినట్టు తేలింది. ఆపరేషన్‌తో నయం చేసే దశ దాటిపోయింది. మింగుడు పడటానికి స్టెంటు (అన్నవాహికను తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయొచ్చు, నొప్పికి మందులివ్వొచ్చు, కీమోతో జబ్బును కొంతకాలం అదుపులో పెట్టే ప్రయత్నం చేయొచ్చు. వీటిలో ఏది కావాలో, ఎంతవరకు కావాలో ఆయనే చెప్పాలి. అలా చెప్పాలంటే విషయం ఆయనకు తెలియాలి. కేసు అక్కడే ఆగిపోయింది.

ఇంట్లో భార్య, పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు డ్యూటీ చేసే 34 ఏళ్ళ కొడుకు, శ్రీకాకుళం దగ్గర అత్తవారింట్లో ఉండే కూతురు, సంగతి తెలిసి కాకినాడ నుంచి వచ్చిన బావమరిది. నలుగురిదీ ఒకటే మాట: "ఆయనకు చెప్పకండి. చెబితే ఆ రోజే పోతారు."

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. పాలియేటివ్ కేర్ విభాగాల్లో, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం చేసేచోట, పదేపదే ఎదురయ్యే పరిస్థితులను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కట్టిన కేసు. ఆసుపత్రి గదిలో జరిగినట్టు రాసినా, ఇందులో చెప్పే మెలకువలు ఆస్తి పంపకాల దగ్గరా, పిల్లల పెళ్ళి విషయంలో రేగే గొడవల దగ్గరా పనికొస్తాయి.

"చెప్పొద్దు" అన్నవాళ్ళను ముందు వినడం

"నాన్నకు చెప్పకండి" అని కొడుకు అనగానే చాలామంది కౌన్సెలర్లు రోగి హక్కుల గురించి మొదలుపెడతారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. తన జబ్బేమిటో తెలుసుకునే హక్కు రోగిదే. కానీ ఆ నిమిషాన కొడుక్కి వినిపించేది ఒకటే: "నువ్వు తప్పు చేస్తున్నావు." అక్కణ్ణుంచి అతను తన మాట నెగ్గించుకునే పనిలో పడతాడు. ఫైలు చంకన పెట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోవడం కూడా అప్పుడే జరుగుతుంది.

అందుకని మొదటి ఇరవై నిమిషాలూ కొడుక్కే కేటాయించాం, విడిగా, తల్లీ మేనమామా లేకుండా. అడిగింది ఒకే ప్రశ్న: "చెబితే ఏమవుతుందని మీకు భయం?" దీన్నే "ఎందుకు చెప్పొద్దంటున్నారు?" అని అడిగి ఉంటే జవాబు వేరే దారి పట్టేది. "ఎందుకు" అన్నది మన ఇళ్ళలో నిలదీసేటప్పుడు వాడే మాట. పరీక్ష తప్పిన కొడుకునీ, ఆలస్యంగా వచ్చిన కోడలినీ అడిగేది ఆ మాటతోనే. అది వినగానే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు.

మొదటి జవాబు అందరూ చెప్పేదే: "ఆయన గుండె ఆగిపోతుందండి." దాని దగ్గర ఆగకూడదు. మొదట వచ్చే కారణం నలుగురిలో చెప్పడానికి సిద్ధం చేసుకున్నది. అసలుది రెండోదో మూడోదో అవుతుంది. దాన్ని రప్పించడానికి "ఇంకేమైనా ఉందా?" అని అడిగితే "ఏం లేదండి" అనే వస్తుంది, ఆ ప్రశ్న తీరే అంత. "ఇంకా ఏమేం అనిపిస్తున్నాయి, చెప్పండి" అంటే ఉన్నాయనే నమ్మకంతో అడిగినట్టు. అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వైద్యులు ఇలాగే ఒక్క పదం మార్చి అడిగితే, రోగులు చెప్పుకోకుండా మిగిలిపోయే సమస్యలు 78 శాతం తగ్గాయి. మనకు పదాలు వేరైనా కిటుకు అదే: లేదనడానికి దారి చూపే ప్రశ్న వేయొద్దు.

కొడుకు కాసేపు నేల చూసి అన్నాడు: "మా నాన్న ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదండి. ఆయన ఏడిస్తే నేనేం మాట్లాడాలో నాకు తెలీదు." అసలు భయం ఇదీ. తండ్రి తట్టుకోలేడన్నది పైకి చెప్పే మాట. లోపల ఉన్నది, ఆ ఏడుపు ముందు తను ఏం చేయాలో తెలియకపోవడం. భయం ఇదైనప్పుడు వాదించి లాభం లేదు, నేర్పాలి.

ఆ రోజే మూడు మాటలు ఇచ్చిపుచ్చుకున్నాం. ఆయన అడగనిది చెప్పం. సూటిగా అడిగితే అబద్ధమాడం. ఏది మాట్లాడినా కొడుకు గదిలో ఉంటాడు. ఈ మూడూ ముందే నోటితో అనుకోవడం చాలా అవసరం. రెండో మాట దాచి మొదటిది మాత్రమే చెబితే, తండ్రి అడిగిన రోజున కుటుంబానికి మోసపోయినట్టు అనిపిస్తుంది.

ధైర్యం చెప్పడం దగ్గర వచ్చే చిక్కు

కష్టంలో ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పడం మనకు పెద్దలు నేర్పిన మర్యాద. పరామర్శకు వెళ్ళి ఏమీ అనకుండా కూర్చుంటే "రాయిలా కూర్చున్నాడు" అంటారు. అందుకే రోగి నోరు తెరిచి "నాకేదో తేడాగా ఉంది" అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా అందుకుంటారు: "ఛ, అలా అనకు", "ఏం కాదులే", "మంచి డాక్టర్లున్నారు", "మా ఊళ్ళో ఒకాయనకు ఇంతకంటే ఎక్కువైంది, ఇప్పుడు బండి నడుపుతున్నాడు." అన్నీ ప్రేమతో అన్న మాటలే. అయినా రోగికి వాటి అర్థం ఒక్కటే: ఈ సంగతి వీళ్ళ దగ్గర ఎత్తకూడదు. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి ఎత్తడు. ఇంట్లోవాళ్ళు "ఆయనకేం తెలీదు, హాయిగా ఉన్నారు" అనుకుంటారు. అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. 1965లో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని పరస్పర నటన అన్నారు. మన ఇళ్ళలో ఈ నటన నెలల తరబడి నడుస్తుంది. ఆ నెలలే ఆ మనిషికి మిగిలిన కాలం కావడం దీనిలోని ఘోరం.

ధైర్యం ఎప్పుడూ చెప్పకూడదని కాదు. మనిషి చెప్పదలచుకున్నది పూర్తిగా బయటికొచ్చాక చెప్పిన ధైర్యం నిలుస్తుంది. రాకముందు చెప్పింది మూతలా పడుతుంది.

కొడుక్కి నేర్పినది

రెండు సిట్టింగులు, ఒక్కొక్కటి నలభై నిమిషాలు, మధ్యలో రెండు రోజుల ఎడం. ఒకే సిట్టింగులో కుక్కితే తలకెక్కదు, పైగా మధ్య రోజుల్లో అతను ఇంట్లో చిన్న చిన్న విషయాల మీద సాధన చేయాలి.

మొదటి సాధన పూర్తిగా నోరు మూసుకుని వినడం. నర్సు తండ్రి పాత్రలో మూడు నిమిషాలు మాట్లాడుతుంది, ఫోన్లో టైమరు పెడతాం, కొడుకు ఒక్క మాటా అనకూడదు. మూడు నిమిషాలు తక్కువనిపిస్తుంది గానీ మామూలుగా మనం ఇచ్చేది అందులో పిసరంత. అమెరికా క్లినిక్కుల్లో 1984లో కొలిచినప్పుడు రోగి మాటకు వైద్యుడు సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డాడు. 2018లో వచ్చిన మరో పరిశీలనలో, అలా అడ్డుపడ్డవాటిలో సగం 11 సెకన్లలోపే. వైద్యులే అలా ఉంటే, కంగారులో ఉన్న కొడుకు సంగతి చెప్పక్కర్లేదు. టైమరు మోగాక, విన్నది తిరిగి చెప్పమన్నాం. అతను జరిగిన సంగతులన్నీ వరసగా అప్పగించాడు: ఎప్పుడు నొప్పి మొదలైంది, ఏ డాక్టరు ఏమన్నాడు. నర్సు రెండుసార్లు "ఇంట్లో వాళ్ళకు భారమైపోయాను" అన్నది మాత్రం అతని జవాబులో లేదు. మరచిపోయి కాదు, ఆ మాట కుట్టింది గనుక చెవి దాటవేసింది. ఇది అందరిలో జరిగేదే. వినేవాడికి ఏ మాట గుచ్చుకుంటుందో అదే జారిపోతుంది. కాబట్టి సాధన తర్వాత అడగాల్సింది "ఏం విన్నావు?" అని మాత్రమే కాదు, "ఏ మాట దగ్గర నీకు కష్టమైంది?" అని కూడా.

రెండోది మౌనం. తండ్రి ఆగినప్పుడు మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టాలి. కొడుకు మొదట్లో మూడు దాటలేకపోయాడు. అందుకు కారణముంది. 2009లో పది భాషల సంభాషణలను కొలిచి చూస్తే, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. దానికి అలవాటు పడ్డ చెవికి ఐదు సెకన్ల మౌనం తప్పు జరిగిపోయినట్టు అనిపిస్తుంది. ఏదో ఒకటి అనేసి ఆ ఇబ్బంది తీర్చుకోవాలని నోరు తహతహలాడుతుంది. లెక్కపెట్టడం ఆ నోటికి పని ఇస్తుంది. లెక్క పది చేరేలోపు ఎదుటివాళ్ళు మళ్ళీ మొదలుపెట్టడమే ఎక్కువ, ఆ మొదలుపెట్టిన మాటే చాలాసార్లు అసలుది.

మూడోది ఊ కొట్టడం. కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆగిపోతారని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎలా కొడుతున్నామన్నదే చూసుకోవాలి. "ఊఁ ఊఁ ఊఁ" అని వరసగా కొడితే తొందరగా ముగించమని. వాక్యం పూర్తయ్యాక ఒక్క "ఊఁ", గొంతు కిందికి దిగుతూ, చాలు.

నాలుగోది తిరిగి చెప్పడం, అంటే ఎదుటివాళ్ళ మాటలోని బరువును వాళ్ళకే అందించడం. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ రాసినప్పటి నుంచి శ్రద్ధగా వినడం మీద వచ్చే ప్రతి శిక్షణలోనూ ఇది ఉంటుంది. తెలుగులో దీన్ని ఉన్నది ఉన్నట్టు దింపితే బెడిసికొడుతుంది. కొడుకు మొదట అన్నది: "అంటే నీకు భయంగా ఉంది అంటున్నావు." "అంటున్నావు" అనగానే అది పోలీసు స్టేట్‌మెంటులా తయారైంది, నువ్వంటున్నావు గానీ నేను నమ్మట్లేదన్నట్టు. మార్చి చెప్పించినవి రెండు. ఒకటి "అన్నమాట"తో ముగించడం: "నిద్ర కూడా పట్టట్లేదన్నమాట." రెండోది ఇంకా మేలు: ఆయన వాడిన ముక్కనే సగంలో వదిలేయడం, "బోటు వాళ్ళ డబ్బులు..." అని. మిగతాది ఆయనే పూరిస్తారు. ప్రతి మాటకూ ఇలా చేస్తే ఎగతాళి చేసినట్టుంటుంది. మూడు నాలుగు మాటలకు ఒకసారి సరిపోతుంది.

వీటితో పాటు ఒక కాగితం మీద వాడకూడని మాటలు రాసి అతని జేబులో పెట్టాం: ఏం కాదు, అలా అనకు, ధైర్యంగా ఉండు, ఎందుకు, నాకు తెలుసు. చివరిది చూసి ఆశ్చర్యపోయాడు. "నీ బాధ నాకు తెలుసు నాన్నా" అనడంలో తప్పేముందని అడిగాడు. తెలుసనగానే చెప్పడానికి ఇంకేం మిగలదు, అదే తప్పు.

కళ్ళలోకి చూస్తూ వినమని శిక్షణ పుస్తకాలంటాయి. తండ్రి కళ్ళలోకి నిమిషాల తరబడి చూసే కొడుకులు ఉత్తరాంధ్రలో అరుదు, అలా చూస్తే తండ్రికీ ఇబ్బందే. అందుకే మంచం పక్కన అడ్డంగా కూర్చుని కాళ్ళు ఒత్తుతూ వినమన్నాం. చేతులకు పని ఉంటుంది, మౌనం బరువనిపించదు, చూపు ఎటు తిప్పాలన్న తంటా ఉండదు. ఒక్క జాగ్రత్త: క్యాన్సర్ రోగుల్లో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఒక కాలే వాచినా, పిక్క దగ్గర నొప్పి, వేడి ఉన్నా ఒత్తకూడదు. ముందు డాక్టరు చూడాలి. ఈయనకు చూపించాకే ఒత్తమన్నాం.

గది

ఓపీ రద్దీలో ఉదయం పూట ఇలాంటి మాటలు సాగవు. మధ్యాహ్నం మూడున్నరకు పెట్టాం. నొప్పి మందు వేసుకుని గంట దాటింది, తర్వాతి డోసుకు ఇంకా టైముంది. నొప్పితో ఉన్న మనిషిని కూర్చోబెట్టి విషయం చెప్పడం వృథా. పాత ఫ్యాను కరకరలాడుతుంటే ఆపించి కిటికీ తీశాం, ఎందుకంటే గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఈ మాటలు మాట్లాడలేరు. డాక్టరుకు కుర్చీ, మంచం ఎత్తుకే. నిలబడి చెప్పే డాక్టరు వెళ్ళిపోయేవాడిలా కనిపిస్తాడు. మంచినీళ్ళు, ఒక తువ్వాలు, సైలెంట్లో పెట్టి సంచిలో వేసిన ఫోన్లు. మొత్తం నలభై ఐదు నిమిషాలు.

సంభాషణ

చెడ్డ వార్త చెప్పడానికి 2000లో వాల్టర్ బేలీ, రాబర్ట్ బక్‌మన్ బృందం ప్రచురించిన ఆరు మెట్ల పద్ధతిని స్పైక్స్ అంటారు. చోటు సిద్ధం చేయడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో వినడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అడగడం, చెప్పడం, ఆ తర్వాత వచ్చే ఉద్వేగానికి స్పందించడం, ముందు దారి మాట్లాడుకోవడం. మూడు మెట్లు దాటాకే చెప్పడం వస్తుందని గమనించాలి. తొందరపడే బృందాలు దాటేసేది ఆ రెండో మెట్టునే.

కొడుకు: నాన్నా, డాక్టరుగారు నీతో మాట్లాడదామని వచ్చారు. నీ ఒంటి సంగతి నీకేమనిపిస్తోందో ముందు నువ్వు చెప్పు.

మేస్త్రి: సెప్పడానికేటుంది. ముద్ద దిగట్నేదు.

మౌనం. కొడుకు కాళ్ళు ఒత్తుతూనే ఉన్నాడు.

మేస్త్రి: మీ మావయ్య కాకినాడ నుంచి ఊరికే రాడు.

కొడుకు: మావయ్య వచ్చాక...

మేస్త్రి: మావయ్యొచ్చాడు. సెల్లి పిల్లల్ని బడి మానిపించి తీసుకొచ్చింది. మీయమ్మ నా ఎదర నవ్వుతాది, వంటింట్లోకెళ్ళి ఏడుస్తాది. ఇంజిను సౌండు ఇని ఏటి పాడైందో సెప్పీవోణ్ణిరా నాను. నా ఒంటి సంగతి నాకు తెలీదనుకున్నారేటి?

"అలా అనకు నాన్నా" అన్నది కొడుకు పెదాల దాకా వచ్చి ఆగడం గదిలో అందరికీ కనిపించింది. ఆ చిన్న ఆగడమే ఈ కేసులో ముఖ్యమైన పని. తర్వాత అతను అన్నది: "నీకు ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట."

మేస్త్రి: తెలిసింది. నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నాను.

తండ్రి తట్టుకోలేడని కొడుకూ, కొడుకు తట్టుకోలేడని తండ్రీ, ఇద్దరూ ఒకే మాట దాచుకుని కూర్చున్నారు. ఇది తెలియడానికి రెండు మౌనాలు, ఒక సగం వాక్యం సరిపోయాయి.

అప్పుడు డాక్టరు మూడో మెట్టు ఎక్కారు: "రిపోర్టుల్లో ఉన్నది వివరంగా చెప్పమంటారా, ముఖ్యమైనవి చెబితే చాలా?" "సెప్పండి బాబూ" అన్నాడాయన. డాక్టరు ముందు ఒక హెచ్చరిక వాక్యం అన్నారు, "మనం అనుకున్నంత బాగా లేదండీ", రెండు క్షణాలు ఆగి చెప్పారు: "ఇది క్యాన్సర్. కాలేయానికీ పాకింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. మింగుడు పడటానికి, నొప్పి లేకుండా ఉండటానికి చేయగలిగింది చాలా ఉంది." ఇక్కడ గడ్డ, కణితి, ఇన్‌ఫెక్షన్ లాంటి ముసుగు మాటలు వాడకూడదు. వాడితే ఆ రాత్రి రోగి ఒక అర్థం చేసుకుంటాడు, భార్య మరొకటి చేసుకుంటుంది.

దెబ్బతిన్న చోటు

డాక్టరు చెప్పి ఆగారు. మేస్త్రి గారు కిటికీ వైపు చూస్తూ ఏదో అనబోయారు. సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది గట్టిగా అందుకున్నాడు: "ఏం కాదు బావా! హైదరాబాద్ తీసుకెళ్దాం, ఎంత ఖర్చయినా నేను చూసుకుంటా!" మేస్త్రి గారు "సరే" అని గోడ వైపు తిరిగారు.

ఇలాంటప్పుడు అడ్డుపడినవాణ్ణి గదిలోంచి పంపేస్తే బయట గొడవ మొదలవుతుంది, దాని చప్పుడు లోపలికొస్తుంది. అతన్నీ వినాల్సిందే, కాకపోతే క్లుప్తంగా. కౌన్సెలర్ అన్నది: "బావగారి కోసం ఏదైనా చేయడానికి మీరు సిద్ధంగా ఉన్నారు. ఆ మాట తప్పకుండా మాట్లాడుకుందాం. ఇప్పుడు ఆయనేదో అనబోయారు, ఒక్క నిమిషం విందాం." తర్వాత మేస్త్రి గారితో: "మీరేదో చెప్పబోయారండీ." జవాబు లేదు. మళ్ళీ మౌనం, ఈసారి చాలాసేపు. రెండోసారి కొడుకే అన్నాడు, "చెప్పు నాన్నా, నేనిక్కడే ఉన్నాను." అప్పుడు ఆయన మెల్లగా ఇటు తిరిగారు.

దీన్ని ముందే ఆపి ఉండొచ్చు. కుటుంబంలో గొంతు పెద్దదైన మనిషితో సమావేశానికి ముందు పది నిమిషాలు విడిగా మాట్లాడాలి, ఆయనకో పని అప్పగించాలి: డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు బంధువుల దగ్గర సేకరించి కాగితం మీద రాయడం, బయట ఉన్నవాళ్ళను లోపలికి రానివ్వకుండా చూడటం. పని లేని ప్రేమ నోటి ద్వారానే బయటికొస్తుంది.

"ఎన్నాళ్ళు?"

మేస్త్రి గారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. దీనికి వెంటనే అంకె చెప్పకూడదు, దాటవేయనూ కూడదు. డాక్టరు అడిగారు: "చెబుతాను. ఏం ఆలోచించి అడుగుతున్నారో తెలిస్తే నాకూ సరిగా చెప్పడానికి వీలవుతుంది."

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, ఏడాది మొత్తంలో ఇంజిన్ల రిపేర్లకు అదే అదను. అప్పటికి ఫిబ్రవరి నడుస్తోంది. ఆయన రెండు ఇంజిన్ల పనికి అడ్వాన్సు తీసుకున్నారు. పాత పనుల బాకీలు చాలామంది ఓనర్ల దగ్గర ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు, అన్నీ ఆయన తలలోనే. "అడ్వాన్సు ఎనక్కి ఇచ్చియ్యాలా, ఉంచాలా? అది తెలీక నిద్రట్టట్నేదు." ఎన్నాళ్ళన్న మాట వెనక ఉన్నది ఇది. అంకె చెప్పి ఊరుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

డాక్టరు సూటిగా చెప్పారు: "ఏళ్ళ లెక్క కాదండీ, నెలల్లో చూసుకోవాలి. ఖచ్చితంగా ఇన్ని అని ఎవరం చెప్పలేం. ఏప్రిల్లో బరువు పని చేసే శక్తి ఉంటుందని నేననుకోవడం లేదు." ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. కొడుకు ఏమీ అనలేదు, తువ్వాలు అందించి పాదం మీద చెయ్యి అలాగే ఉంచాడు. ఇరవై నిమిషాల్లోనే తండ్రి బాకీల పేర్లు చెబుతుంటే కొడుకు రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ మాటల్లోనే "ఆకర్న గొట్టాలెట్టొద్దు" అన్నది వచ్చింది. అలాంటి మాట వినబడితే దాన్ని గాలికి వదలకూడదు. కృత్రిమంగా ప్రాణం నిలబెట్టే చికిత్సలు వద్దని ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ చాలు. ఆ రోజే కాగితాలు ముందు పెట్టడం మాత్రం మంచిది కాదు. వారం తర్వాత, ఆయన అదే మాట మళ్ళీ తనంతట తాను అన్నాక పెట్టాలి.

భార్య, జావ గ్లాసు

ఈ ఇంట్లో రోజుకు నాలుగైదు సార్లు జరిగే గొడవ మరొకటి ఉంది, దాన్ని ఎవరూ సమస్యగా చెప్పలేదు. ఆమె రాగి జావ పలచగా కాచి, వడకట్టి, ఆరబెట్టి తెస్తుంది. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకు నెడతాడు. "ఇంకొక్క గుక్క" అంటుంది. "ఒద్దంటే ఇనవేటే" అని కసురుతాడు. ఆమె ఏడుస్తుంది. ముదిరిన క్యాన్సర్‌లో ఆకలి పోవడం జబ్బు లక్షణమే, బలవంతం చేస్తే ఆకలి రాదు, వాంతి, ఉక్కిరిబిక్కిరి వస్తాయి. ఈ వివరం ఆమెకు రెండుసార్లు చెప్పారు, పని చేయలేదు. ఆమె అడుగుతున్నది పోషకాల గురించి కాకపోవడమే కారణం. విడిగా కూర్చుని "ఆయన గ్లాసు నెట్టేసినప్పుడు మీకేమనిపిస్తుందమ్మా?" అంటే వచ్చిన జవాబు: "నా సేత్తో పెట్టింది తిన్నంతకాలం నాకు దక్కుతాడనుకుంటన్నానమ్మా."

దీనికి సమాధానం ఆహార పట్టిక ఇవ్వదు. స్టెంటు వేశాక ఏం చేయాలో ఆమెకే అప్పగించాం: నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న మెత్తటి ముద్దలు, బాగా నమిలించి, మధ్యలో నీళ్ళ గుక్కలు, తిన్నాక అరగంటైనా పడుకోనివ్వకుండా. ఎంత తినాలన్నది ఆయన ఇష్టం, ఎలా తినిపించాలన్నది ఆమె చేతిలో. తినని పూట ఆమె చేయడానికి మరో పని, నోరు శుభ్రం చేసి పెదాలకు తడి అందించడం. గొడవ పూర్తిగా పోలేదు, పూటపూటా జరిగేది మాత్రం తగ్గింది.

తర్వాతి రోజులు

విషయం చెప్పిన తర్వాత రెండు రాత్రులు ఆయన నిద్రపోలేదు, మూడో రోజు కొడుకు మీద విరుచుకుపడ్డారు. మేనమామ ఫోను చేసి "చెప్పబట్టే ఇలా అయింది" అన్నాడు. ఈ ఫోను దాదాపు ప్రతి కుటుంబం నుంచీ వస్తుంది, కాబట్టి మొదటి రోజే చెప్పి ఉంచాలి: ఏడుపు, కోపం, తిండి సయించకపోవడం కొద్ది రోజులు ఉంటాయి, అవి దుఃఖం. రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పెట్టకపోతే, చచ్చిపోవాలని అంటుంటే, మనోవైద్యుడికి చూపించాలి. ఆ మాట సూటిగా అన్న రోజునే అయితే రెండు వారాలు ఆగే పని లేదు. కోపం వచ్చిన రోజు కొడుకు చేయాల్సింది జేబులోని కాగితాన్ని గుర్తు తెచ్చుకోవడమే. అతను సగమే చేయగలిగాడు. మొదట "నీ కోసమే కదా నాన్నా" అని వాదించి, తర్వాత ఆగి, "నామీద కోపంగా ఉన్నావు" అని ఊరుకున్నాడట. సగం చాలు. మధ్యలో ఆపుకోగలిగినా సంభాషణ నిలబడుతుంది.

ఆయన స్టెంటు వేయించుకున్నారు, కీమో వద్దన్నారు. ఒక ఇంజిను అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు. రెండోది శిష్యుడి చేత, తను కుర్చీలో కూర్చుని చేయించడానికి ఓనరును ఒప్పించారు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు ఉన్నాయి. "నాకేం చెప్పకండి, మా అబ్బాయితో మాట్లాడండి" అని రోగే స్పష్టంగా అంటే అది ఆయన నిర్ణయం. దాన్ని గౌరవించి, మనసు మారితే అడగొచ్చని చెప్పి వదిలేయాలి. మతి స్థిమితం లేకుండా కలవరిస్తున్న మనిషితో ఇలాంటి మాటలు పెట్టకూడదు, కలవరానికి కారణం వెతికి ముందు దానికి వైద్యం చేయాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నచోట అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం ప్రమాదం.

సమావేశం అయిన అరగంటలోపే కేసు షీటులో నాలుగు విషయాలు రాయాలి: రోగికి ఏం తెలుసు, ఏ మాటలతో చెప్పాం, ఏది వినడం ఇష్టం లేదన్నారు, కుటుంబంలో ఎవరెవరు విన్నారు. క్యాన్సర్ అన్న మాట వాడామా లేదా అన్నది ప్రత్యేకంగా రాయాలి. ఇది రాయకపోతే రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకు ఏదీ తెలియదు. రెండు గంటలకు మెలకువ వచ్చి ఆయన ఏదైనా అడిగితే, ఆమె పాత అలవాటు చొప్పున "ఏం కాదండీ, పడుకోండి" అంటుంది.